గ్యాస్కెట్ తోడుకుందా?

మొదటి నమోదు: పోసిన రోజు

నా ఉద్యోగం పేరు ద్రవ సిలికోన్ ఘనీభవన నిర్ధారణ అధికారి. ఇంత పేరు నా గది తలుపు మీద పట్టక, చివరి 'అధికారి'ని పక్క గోడ మీద రాయించాల్సి వచ్చింది. తలుపు తెరిస్తే నేనొక వైపు, నా అధికారం ఇంకో వైపు.

పని మాత్రం చిన్నది. ద్రవంగా పోసింది గట్టిపడిందో లేదో ముట్టుకుని చెప్పడం. ఇందుకోసం నేను నాలుగేళ్ళు రసాయన శాస్త్రం చదివాను. పెరుగు గిన్నెను కాస్త వంచి చూసే ప్రతి ఇల్లాలూ చదువు లేకుండానే ఇదే ఉద్యోగం చేస్తోందని నాకు తెలుసు. ఆ సంగతి జీతాల విభాగానికి తెలియకుండా జాగ్రత్తపడుతున్నాను.

అసలు మా ఊరు ఎర్రగట్టులో ద్రవ సిలికోన్ అనే మాట ఎవరి నోటా వినపడదు. అది రెండు డబ్బాల్లో వస్తుంది. పెద్ద డబ్బాలోది 'పాలు', చిన్న డబ్బాలోది 'తోడు'. రెండూ కలిపి అచ్చులో పోసి వెచ్చగదిలో పెడితే మర్నాటికి రబ్బరవుతుంది. అంటే తోడుకుంటుంది. అంగారకుడి మీద స్థిరపడిన మా ఉత్తరాంధ్ర జనం విజ్ఞాన శాస్త్రానికి చేసిన సేవల్లో ఈ పేర్లు పెట్టడం ఒకటి.

ఇవాళ పోసింది మామూలు సరుకు కాదు. ఓడ గేటు గ్యాస్కెట్. మా ఊరిని ఒక ప్రెషర్ కుక్కర్ అనుకుంటే, లోపల ఉన్న మేము కందిపప్పు. బయట ఉన్నదాన్ని గాలి అనడం గాలికి అవమానం. లోపలి గాలి లోపలే ఉండాలంటే గేటు చుట్టూ గ్యాస్కెట్ గట్టిగా, మెత్తగా, ఎక్కడా చీలిక లేకుండా ఉండాలి. పాతది మొన్న తనిఖీలో పెళుసెక్కి తునిగిపోయింది. లోపలి తలుపు ఇంకా గట్టిగానే ఉంది కాబట్టి మాకు ప్రాణభయం లేదు. కానీ కొత్తది లేనిదే ఓడను గేటుకు ఆనించడం కుదరదు.

ఓడ మూడేళ్ళకోసారి వస్తుంది. ఈ వారమే వస్తోంది. ఒక్క పూట ఆగుతుంది. గేటు సిద్ధంగా లేకపోతే ఇక్కడ ఆగకుండా గ్రహానికి అటువైపున్న, మా ఊరికి దారి లేని డిపోకి వెళ్ళి, అటునుంచి అటే భూమికి తిరుగుతుంది.

అందులో కుసుమక్క ఉంది. మా గేటు మేస్త్రీ దాలినాయుడు గారి భార్య. గత ఓడలో ఇంజను మెకానిక్కుగా ఒక్క విడత పనికి ఎక్కింది. ఆ విడత ఇక్కడ దిగితే పూర్తవుతుంది. దిగడానికి గేటు లేకపోతే ఓడతో పాటు ఇంకో మూడేళ్ళు తిరగాలి.

అచ్చులో చివరి చుక్క పడగానే నాయుడు గారు అడిగారు.

"ఏటిరా విస్సూ, తోడుకుందా?"

"ఇప్పుడే కదండీ పోశాం."

"అయితే మాత్రం. ఓపాలి ముట్టుకు చూడు."

అధికార హోదాలో ముట్టుకున్నాను. తోడుకోలేదు. వేలు కడుక్కున్నాను. ఇదే మిశ్రమంలోంచి ఒక చిన్న కప్పు నమూనా తీసి, మూత పెట్టి, నా గదిలో దాచాను. పద్ధతి ప్రకారం అలా చెయ్యాలి. పద్ధతి అంటే నాకు ప్రాణం, మిగతా పనులు చెయ్యనక్కర్లేనప్పుడు.

రెండో నమోదు: తోడుకోవాల్సిన రోజు

తోడుకోలేదు.

పరీక్షలు మూడు. మొదటిది గోరు పరీక్ష. గోటితో నొక్కితే గుంట పడి మళ్ళీ పైకి లేవాలి. గుంట పడింది, అక్కడే కాపురం పెట్టింది. రెండోది పుల్ల పరీక్ష. ఇడ్లీ ఉడికిందో లేదో చూసినట్టు మందంగా ఉన్న చోట పుల్ల గుచ్చి తీస్తే పొడిగా రావాలి. జుట్టుకు బంక అంటుకున్నట్టు తీగలు సాగుతూ వచ్చింది. మూడోది పౌడరు పరీక్ష. ముఖానికి రాసుకునే పౌడరు చల్లి, మెత్తటి గుడ్డతో తుడిస్తే మొత్తం పోవాలి. పోలేదు. మీద చిక్కగా పట్టుకుని, గ్యాస్కెట్ ఎవరి పెళ్ళికో ముస్తాబైనట్టు తయారైంది.

నా గదిలోని కప్పు నమూనా మాత్రం నిక్షేపంగా తోడుకుంది. నేలకేసి కొడితే ఎగిరి నా గడ్డానికి తగిలింది. అంటే కలపడంలో తప్పు లేదు. పాలు మంచివే, తోడు మంచిదే.

నేరస్తులు నాకు వెంటనే దొరికారు. గ్యాస్కెట్ చుట్టూ వేలిముద్రలు. వెచ్చగది ఊళ్ళోకెల్లా వెచ్చని చోటు కాబట్టి పనికి వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఓ నిమిషం చలి కాచుకోవడానికి లోపలికి వస్తారు. వచ్చినవాడు ఊరికే పోడు. "తోడుకుందా?" అని తనను తానే అడిగి, చూపుడు వేలితో తనే సమాధానం వెతుక్కుంటాడు. ఆకుకూరల షెడ్డు వాళ్ళు, పంపుల వాళ్ళు, స్కూలు మాస్టారు అందరూ ముట్టుకున్నారు. మాస్టారు మళ్ళీ రెండో వేలితో కూడా సరిచూశారు.

'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టాను. అంతవరకూ అటు చూడనివాళ్ళు కూడా ఆగి, ఎందుకు ముట్టుకోకూడదో తెలుసుకుందామని ముట్టుకున్నారు. బోర్డు తీసేశాను.

నాయుడు గారికి విషయం చెప్పడానికి వెళ్ళాను. ఆయన ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీకీ రంగు వేస్తున్నారు. తలెత్తకుండా, పౌడరు చాలినంత ఉందా అని అడిగారు. అయిపోవచ్చిందన్నాను. లోపలికి వెళ్ళి గులాబీరంగు డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టారు. కుసుమక్క వదిలి వెళ్ళిన పౌడరు డబ్బా. మూడేళ్ళలో మూత కూడా తిప్పినట్టు లేదు, గట్టిగా బిగుసుకుపోయింది.

"రేపటికల్లా తోడుకోవాల విస్సూ," అన్నారు. ఆయన గొంతు వింటే, నేను తోడుకోమని గ్యాస్కెట్‌కు ఆజ్ఞ వేస్తే సరిపోతుందేమో అనిపించింది. వేసి చూశాను కూడా. ఎవరూ లేనప్పుడు.

మూడో నమోదు: సలహాల రోజు

ఇవాళ గ్యాస్కెట్ గట్టిపడలేదు గానీ దాని మీద అభిప్రాయాలు బాగా గట్టిపడ్డాయి.

పంపుల వాళ్ళు ఇంకాస్త తోడు వెయ్యమన్నారు. మాస్టారు దుప్పటి కప్పమన్నారు. మెస్సులో వంటలకు పెద్దదిక్కయిన సన్యాసమ్మ మామ్మ మాత్రం నన్ను మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. రహస్యం చెప్పేటప్పుడు ఆవిడ గొంతు ఊరంతా వినపడేలా పెంచుతుంది.

"ఒరే గుంటడా, పచ్చిమిరపకాయ తొడిమ ఒకటెయ్యి. తోడు లేని పాలు కూడా తెల్లారేసరికి గెడ్డలాగ తోడుకుంటాయి."

అది పాలకేనని, ఇది సిలికోనని, ఇందులో ప్లాటినం పనిచేస్తుందని వివరించాను. ప్లాటినమంటే బంగారం కన్నా ఖరీదు కదా అంది. అవునన్నాను. అంత ఖరీదైంది వేసి కూడా తోడుకోపోతే నీ చదువు దేనికిరా అంది. ఈ ప్రశ్నకు విశ్వవిద్యాలయం నాకు జవాబు నేర్పలేదు.

మధ్యాహ్నం ఓడ నుంచి రేడియో వచ్చింది. ఓడ ఇంకా దూరాన ఉంది కాబట్టి మన మాట వెళ్ళి అటు మాట రావడానికి ఓ గుక్క టీ తాగేంత సేపు పడుతుంది. నాయుడు గారు చొక్కా మార్చుకుని వచ్చారు. రేడియోకి కళ్ళు లేవని తెలిసినా.

"మావా, గేటెలాగుంది? కొత్త గ్యాస్కెట్ తోడుకుందా?" అని కుసుమక్క గొంతు వచ్చింది.

నాయుడు గారు నన్ను చూశారు. నేను పైకప్పును చూశాను. పైకప్పులో చూడటానికి ఏమీ లేదు.

"తోడుకుందే. రాయిలాగుంది."

ఓ గుక్క సేపు గరగర. తర్వాత ఆవిడ గొంతులో మెకానిక్కు మేలుకుంది.

"రాయిలాగుంటే ఎలాగ మావా, రబ్బరులాగుండాల గానీ. విస్సుగాడున్నాడా? ఆడినడుగు."

మైకు నా చేతికి వచ్చింది. చదువుకున్నవాడికి ఇలాంటి సమయాల్లో ఆదుకునే భాష ఒకటుంది. "అక్కా, నిర్ధారణ ప్రక్రియ పురోగతిలో ఉంది," అన్నాను. ఈ మాటకు అబద్ధమనే పేరు పెట్టలేరు, ఎందుకంటే దీనికి అర్థమే లేదు.

ఆవిడ నమ్మినట్టు లేదు. కానీ పక్కన ఉన్న కెప్టెను నమ్మాడు. ఇంకో నాలుగు రోజులకు ఉదయాన్నే గేటుకు ఆనుకుంటామని అక్కడికక్కడే చెప్పేశాడు. మరో మాట అనేలోగా లైను పోయింది.

నాయుడు గారు నా చేతిలోంచి మైకు తీసుకుని కొక్కేనికి తగిలించారు. ఆ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. నేను నవ్వించడానికి ఒక జోకు వేశాను. దాన్ని ఈ నమోదులో రాయడం లేదు, బాగోలేదు.

నాలుగో నమోదు: గాలి మీద అనుమానం

గ్యాస్కెట్‌ను అంచు దగ్గర ఒక ముక్క కోశాను. ఎంత కోస్తే ఏమిటి, ఇప్పటికే అది పనికిరాదు. లోపల చూస్తే, అచ్చు అడుగున ఉన్న భాగం బాగానే తోడుకుంది. పైన, గాలి తగిలే వైపున మాత్రం పాకంలా ఉంది. వెచ్చగాలి వచ్చే గొట్టానికి ఎదురుగా ఉన్న చోట మరీ ఘోరం.

అంటే వేళ్ళ తప్పు కాదు. ఊరి ప్రజలను నేను మనసులోనే క్షమించాను. పైకి చెబితే మళ్ళీ ముట్టుకుంటారు.

తప్పు గాలిది. గాలిలో వచ్చి ప్లాటినాన్ని పని చెయ్యనివ్వకుండా పట్టుకునేది ఒకటుంది. గంధకం. అది నూలుపోగంత ఉన్నా చాలు, ప్లాటినం అలిగి కూర్చుంటుంది. ఆ పాఠం చెప్పిన రోజు నేను క్లాసులో మెలకువగా ఉన్నానని ఇన్నేళ్ళకు రుజువైంది.

మా ఊళ్ళో గంధకం ఎక్కడుంటుంది? ఇదీ ప్రశ్న. జవాబు కోసం కొద్దిగా పాలు, తోడు కలిపి చిన్న చిన్న కప్పుల్లో పోసి, మూత పెట్టకుండా ఊరంతా ఉంచాను. సాయంత్రానికి వెళ్ళి చూశాను. మెస్సు వంటగదిలోది జిగురు. సన్యాసమ్మ మామ్మ గట్టు మీద పెట్టింది జిగురు, పైగా అందులో ఒక ఆవగింజ. స్కూల్లోది, పిల్లల టిఫిను డబ్బాల పక్కన పెట్టాను కాబట్టి, అదీ జిగురే. అప్పుడు వెలిగింది. ఇంగువ, వెల్లుల్లి, ఉల్లి, ఆవాలు. గంధకం లేని పోపు దినుసే లేదు. ఈ ఊరు పుట్టినప్పుడు మొదట కట్టింది ఆక్సిజన్ ప్లాంటు. రెండోది ఇంగువ మొక్కల షెడ్డు. ఆ క్రమం గురించి కూడా అప్పట్లో ఓటింగు జరిగిందని, తేడా కొంచెమేనని చెబుతారు.

నా గదిలో పెట్టిన కప్పు దాదాపుగా తోడుకుంది. అంచు ఒక్కటీ కాస్త అంటుకుంటోంది. నేను ఒంటరివాణ్ణి, వంట రాదు, నా గదిలో ఇంతవరకూ పోపు వాసన పుట్టలేదు. ఎంత నిస్సారమైన బతుకో అని నాకు జాలి వేసేది. అదే ఇప్పుడు శాస్త్రీయ ఆధారం.

ఇక మిగిలింది వెచ్చగది గాలి గొట్టం దగ్గర పెట్టిన కప్పు. పోసినప్పుడు ఎలా ఉందో అలానే ఉంది, పాలకు పాలు. కానీ వెచ్చగదిలో ఎవరూ వంట చెయ్యరు.

మరలు విప్పి గొట్టం జాలీ తీశాను.

లోపల పళ్ళెం. పళ్ళెంలో తెల్లటి గుడ్డ. గుడ్డ మీద వరుసలు తీర్చి చల్ల మిరపకాయలు. ఒక్కోదానికి పొట్ట చీల్చి, ఇంగువ, ఉప్పు కలిపిన మజ్జిగలో నానబెట్టి, ఒకదానికొకటి తగలకుండా, తొడిమలన్నీ ఒకే వైపుకు ఉండేలా పేర్చి ఉన్నాయి. గేటు బోల్టులు అంత వరుసగా బిగించే మనిషి మా ఊళ్ళో ఒక్కరే.

వెనక అడుగుల చప్పుడు వినపడింది. నాయుడు గారు చేతిలో గిన్నెతో నిలబడ్డారు. మళ్ళీ మజ్జిగలో ముంచి ఆరబెట్టడానికి వచ్చారు. చల్ల మిరపకాయలకు అలా నాలుగైదు సార్లు చెయ్యాలట.

నేను జాలీ చూపించాను, గ్యాస్కెట్ చూపించాను, గంధకం గురించి చెప్పాను. ఆయన విన్నారు. గిన్నె కింద పెట్టి, ఆ పక్కనే నేల మీద కూర్చున్నారు.

"మొదటి రోజు నుంచీ ఇందులోనే ఉన్నాయిరా. ఇక్కడ ఎండుంటాది గానీ అందులో ఏదీ ఎండదు. ఊరంతా ఎతికినాను. ఎచ్చగా, పొడిగా ఉన్నది ఈ గొట్టమొక్కటే."

"మెస్సులో అడిగితే ఎండబెట్టేవారు కదండీ."

"కుసుమ మూడేళ్ళు ట్యూబులోంచి పిండుకు తిన్నాదిరా. తిరిగొచ్చేసరికి పెరుగన్నంలోకి కరకరలాడేది ఏదైనా చేసి పెడతావా మావా అని, ఎళ్ళిపోయే ముందు నవ్వులాటకన్నాది. నాను చేద్దారనుకున్నాను. నా చేత్తోటే."

నేను ఎగతాళి చెయ్యలేదు. అందుకు ఇంతకంటే మంచి అవకాశం నాకు జీవితంలో రాదని తెలిసి కూడా.

ఆయన పళ్ళెం అందుకుని చెత్త గొట్టం వైపు నడిచారు. అడ్డం వెళ్ళాను. ఇవి సాక్ష్యాధారాలని, ధ్వంసం చెయ్యడం నేరమని గంభీరంగా ప్రకటించాను. గాలి చొరబడని డబ్బాలో పెట్టి, మూతకు సీలు వేసి, నా అధీనంలోకి తీసుకున్నాను. ముందు నాలుగు రకాలుగా వాసన చూశాను. ఇదంతా విచారణలో భాగం.

ఐదో నమోదు: పోపు బంద్

పాలు, తోడు ఇంకొక్క గ్యాస్కెట్‌కు సరిపడా ఉన్నాయి. అంతే. అది కూడా పాడైతే ఓడలో వచ్చే సరుకే దిక్కు, ఆ ఓడే ఆగదు.

వెచ్చగదిని కడిగాం, గొట్టం మార్చాం. మళ్ళీ కప్పు పెట్టి చూస్తే మళ్ళీ జిగురు. ఇంగువ ఒకసారి గోడలకు పట్టిందంటే వదలదు, చుట్టాల్లాగా. కాబట్టి ఊళ్ళో మిగిలిన ఏకైక పవిత్ర స్థలం నా గది. మంచం బయటికి పోయింది. అచ్చును ముక్కలుగా తెచ్చి లోపల బిగిస్తే గోడ నుంచి గోడకు సరిగ్గా పట్టింది. రెండు హీటర్లు పెట్టాం. రబ్బరు కాబట్టి తోడుకున్నాక మడిచి బయటికి తేవచ్చు.

ఒక్కటే చిక్కు. ఊరంతటికీ గాలి ఒక్కటే, గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. నా కప్పు అంచు జిగురు కావడానికి కారణం పక్క వీధిలో సన్యాసమ్మ మామ్మ పెట్టిన చారు. అంత కప్పుకే అలా అయితే ఇంత గ్యాస్కెట్ మాటేమిటి. కాబట్టి ఓడ వచ్చేదాకా ఊరంతా పోపు ఆపాలి. ఇంగువ లేదు, వెల్లుల్లి లేదు, ఉల్లి లేదు, ఆవాలు లేవు, గుడ్డు లేదు.

మెస్సులో అందరినీ పిలిచి ఈ సంగతి చెప్పాను. ఆక్సిజన్ ఆపుతామన్నా ఇంత గోల జరిగేది కాదు. పంపుల వాళ్ళు నిన్ననే గోంగూర కోసి పెట్టుకున్నామన్నారు. మాస్టారు ఆవాల్లో గంధకం ఎంత శాతమో రుజువు చెయ్యమన్నారు. సన్యాసమ్మ మామ్మ గరిటె పట్టుకునే లేచింది.

"పోపెట్టకపోతే అది పప్పేటిరా? ఉడికిన గింజలు. అసలీ గెందకం ఆ గదిలోకెలాగెళ్ళినాది? ఎవుడి పాపమది? ఆ ఎదవ పేరు సెప్పు, ఆడింట్లో పోపు ఆపీసుకోమను."

అందరూ నన్ను చూశారు. నేను నా అధికారిక భాష కోసం వెతుక్కున్నాను. సాంకేతిక కారణాల వల్ల, అని మొదలుపెట్టబోయాను.

వెనక బెంచీలోంచి నాయుడు గారు లేచారు.

"నానేనప్పా. చల్ల మిరపకాయలు ఎండబెట్టినాను. గొట్టంలో. కుసుమ కోసం."

నాయుడు గారు ఊరి గేటు మీద ఇన్నేళ్ళలో ఒక్క బోల్టు వదులు వదిలి ఎరగరు. ఆయన నేల చూస్తూ నిలబడ్డారు. ఎవరో ఒకరు తిట్టాలి కదా అని అందరూ ఎదురు చూస్తున్నారు. ఆ బాధ్యత మామూలుగా సన్యాసమ్మ మామ్మది.

ఆవిడ గరిటె దించింది.

"ఉప్పు ఎంతేసినావు?"

"ఆఁ?"

"మజ్జిగలో ఉప్పెంతేసినావంటన్నాను."

నాయుడు గారు చేత్తో చూపించారు. అరచేతిలో ఇంత. ఆవిడ ఆ అరచేతిని నేను గ్యాస్కెట్‌ను పరీక్షించినంత శ్రద్ధగా పరీక్షించింది.

"సాల్లేదేమో," అంది. తర్వాత పొయ్యి మీదున్న పోపు గిన్నె దించి, బోర్లించి, దాని మీద కూర్చుంది. "కుసుమ వొచ్చీదాకా ఈ గిన్నె లేవదు. ఇంకెవుడింట్లోనైనా ఆవగింజ చిటపటమన్నాదంటే నాకు వినపడతాది. నా చెవులు మంచివి."

తీర్మానం ఆ విధంగా ఏకగ్రీవమైంది. గిన్నె కొంచెం వేడిగా ఉన్నట్టుంది, ఆవిడ ఒకసారి సర్దుకుంది. కానీ లేవలేదు.

సాయంత్రానికి పోశాం. కలిపింది నాయుడు గారు. పోసింది నాయుడు గారు. బుడగలు పోయేలా అచ్చును చుట్టూ తట్టింది కూడా ఆయనే, నిద్రపోతున్న పిల్లను తట్టినట్టు.

ఆరో నమోదు: చప్పటి రోజు

పోపు లేని ఊరు ఎలా ఉంటుందో భావి తరాల కోసం రాస్తున్నాను. మధ్యాహ్నం పప్పు వడ్డించారు. అందరూ పళ్ళేల వైపు మర్యాదగా చూశారు. పెద్దలు పూర్వం తిన్న పోపుల గురించి చెప్పుకున్నారు. ఒక పంపుల ఆపరేటరు కళ్ళు మూసుకుని, ఎండుమిరపకాయ వేగే చప్పుడును నోటితో చేసి చూపించాడు. పక్కనున్నవాళ్ళు రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

నా గది ముందు ఊరంతా. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. తలుపు సందులోంచి చూడనిచ్చాను, ఊపిరి బిగబట్టాలన్న షరతు మీద. నేను నడవాలో మంచం వేసుకుని కాపలా కాశాను. వచ్చిన ప్రతివాడూ ఒకటే ప్రశ్న. నేను ఒకటే జవాబు. వేళ కాకముందు ముట్టుకోకపోవడమే ఈ పరీక్షలో అసలు కష్టమైన భాగమని ఈ రోజే తెలిసింది. చదువులో ఇది చెప్పరు. అధికారినై ఉండి నాకే వేలు దురద పెట్టింది. చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

నాయుడు గారు గది ముందు నుంచి పోతూ ఒక్కసారీ అడగలేదు. దానికే నాకు భయం వేసింది.

ఏడో నమోదు: ఓడ వచ్చిన రోజు

తెల్లవారగానే గోరు పరీక్ష. గుంట పడింది. లేచింది.

పుల్ల పరీక్ష. మందంగా ఉన్న చోట గుచ్చబోతే పుల్ల విరిగింది. మరో చోట ప్రయత్నించాను, మరో పుల్ల విరిగింది. సంతోషంగా ఇంకొకటి విరిచాను, అవసరం లేకపోయినా.

చివరికి పౌడరు. కుసుమక్క గులాబీరంగు డబ్బాలో మిగిలిందంతా చుట్టూ చల్లాను. తలుపు దగ్గర నాయుడు గారు. ఆయన వెనక సన్యాసమ్మ మామ్మ, ఆవిడ వెనక ఊరు. గుడ్డతో తుడిచాను. ఒక్క గీతలో పోయింది. కింద నిగనిగలాడే గ్యాస్కెట్.

"తోడుకుంది," అన్నాను. గొంతు అధికారికంగా రాలేదు.

నాయుడు గారు లోపలికి వచ్చి, చెయ్యి కడుక్కుని తుడుచుకుని, ఒక్క వేలు పెట్టారు. తీశారు. వేలిని చూసుకున్నారు. ఏమీ అంటుకోలేదు. తల ఊపి, గ్యాస్కెట్ ఒక చివర భుజానికి ఎత్తుకున్నారు. మిగతాది పట్టుకోవడానికి ఇరవై చేతులు వచ్చాయి. ఇప్పుడు ముట్టుకోవచ్చు కదా అని దారి పొడుగునా ప్రతివాడూ నొక్కి చూస్తూనే మోశాడు.

ఓడ ఆనుకుంది. గేటు మీద ఒత్తిడి ముల్లు పైకి వెళ్ళి, మధ్యలో ఒకసారి వణికింది. మేమందరం దానితో పాటే వణికాం. తర్వాత నిలబడిపోయింది. కదల్లేదు.

గేటు తెరుచుకుంది. కుసుమక్క సంచీ భుజాన వేసుకుని అడుగు బయట పెట్టింది. మూడేళ్ళ తర్వాత. ఎదురుగా ఇస్త్రీ చొక్కాలో నాయుడు గారు. ఆవిడ ఆయన వైపు చూసింది, నవ్వింది, రెండడుగులు వేసింది. ఆగింది. గేటు అంచు వైపు తిరిగి, చూపుడు వేలితో గ్యాస్కెట్‌ను గట్టిగా నొక్కింది.

"బాగా తోడుకున్నాది మావా," అంది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇది నా పౌడరు వాసన కాదూ? డబ్బా ఎవుడు ఖాళీ చేసినాడు?"

నేను పైకప్పు చూశాను. ఈసారీ అందులో ఏమీ లేదు.

మధ్యాహ్నం మెస్సులో సన్యాసమ్మ మామ్మ గిన్నె మీంచి లేచింది. పోపు చిటపటలాడింది. ఊరు ఊపిరి పీల్చింది. నా గది మళ్ళీ ఊరందరి గదిలాగే వాసన వేయడం మొదలుపెట్టింది. నాకు బాధ కలగలేదు.

సాక్ష్యాధారాల డబ్బాకు సీలు నేనే తీశాను. ఎండింది చాలని వాళ్ళూ వీళ్ళూ అన్నారు. మామ్మ నూనెలో వేయించి, పెరుగన్నాల పక్కన వడ్డించింది. తనే ముందు ఒకటి కొరికి, కళ్ళు మూసుకుని చాలాసేపు నమిలింది. నాయుడు గారు గేటు ముల్లును చూసినట్టు ఆవిడ ముఖం చూశారు.

"ఉప్పు సరిపోయినాది," అంది.

కాబట్టి నమోదు చేయడమేమనగా: గ్యాస్కెట్ తోడుకుంది. మొదటి గ్యాస్కెట్ పాడవడానికి గల సాక్ష్యం ఒక్క పూటలో, అధికారి సమక్షంలో, అధికారి సహకారంతో, పూర్తిగా నాశనమైంది.

నాయుడు గారు మాత్రం తినలేదు. ఆయన పళ్ళెంలోవి కూడా కుసుమక్క పళ్ళెంలోకే వేశారు. ఆవిడ ఓడ కబుర్లు చెబుతూ ఒక్కోటి కొరుకుతోంది. ఆయన కబుర్లు వింటున్నట్టు తల ఊపుతున్నారు గానీ, వింటున్నది ఆ కరకర.